బీటెక్ వద్దు, జపనీస్‌లో బీఏ చేస్తానంటోంది: చేర్పించవచ్చా?

ప్రశ్న: "మా అమ్మాయి ఖమ్మంలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. ఎప్‌సెట్ కోచింగ్ కూడా నడుస్తోంది. ఈమధ్య ఇంజినీరింగ్ వద్దు, హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో జపనీస్ గానీ కొరియన్ గానీ బీఏ చేస్తానని పట్టుబట్టింది. భాష నేర్చుకోవడానికి డిగ్రీ ఎందుకు, ఫోన్‌లో యాప్ చాలదా అని బంధువులు నవ్వుతున్నారు. ఉద్యోగాలు ఉంటాయా? షిఫ్టులు ఎలా ఉంటాయి? ఏ భాష తీసుకోవాలి?"

జవాబు: ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతానండీ. నేను ఇఫ్లూలోనే జర్మన్‌లో బీఏ, ఎంఏ చేశాను. తర్వాత హైటెక్ సిటీలో ఒక కంపెనీకి జర్మనీ నుంచి వచ్చే ఇన్‌వాయిస్‌లు, కస్టమర్ మెయిళ్లు చూసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జర్మన్ చెబుతున్నాను. కాబట్టి జర్మన్ గురించి నేను చెప్పేది స్వయంగా చూసింది. జపనీస్, కొరియన్ గురించి చెప్పేది పక్క క్లాసుల్లో చదివి ఇప్పుడు ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లతో మాట్లాడుతూ తెలుసుకున్నది.

మీ బంధువుల మాటలో సగం నిజం ఉంది. భాష ఒక్కటే కావాలంటే డిగ్రీ అక్కర్లేదు. కానీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ జపనీస్ అంటే జపనీస్ నేర్పే కోర్సు అనుకుంటున్నారు చూడండి, అక్కడే పొరపాటు. మొదటి రెండు మూడు సెమిస్టర్లు భాషే ఉంటుంది, నిజమే. చదవడం, వినడం, మాట్లాడటం, రాయడం, వ్యాకరణం, రోజూ ఇదే పని. ఆ తర్వాత బండి మలుపు తిరుగుతుంది. ఆ దేశ చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, అనువాదం వచ్చి కూర్చుంటాయి. వందేళ్ల కిందటి కథ ఒకటి ఇచ్చి, అందులో తండ్రి పాత్ర మీద మూడు పేజీలు అదే భాషలో రాయమంటారు. డ్రామాలు, యానిమేలు చూసి ఇష్టంతో చేరిన పిల్లల్లో కొందరు సరిగ్గా ఇక్కడే డీలా పడిపోతారు. మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి: తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ సిలబస్‌తో సంబంధం లేకుండా ఈ ఏడాది ఏమైనా పుస్తకం చదివిందా? చదివి ఉంటే నాకు ఆ పిల్ల మీద సగం టెన్షన్ తగ్గుతుంది. చదవడం అంటేనే చిరాకైతే, భాష మీద ఎంత మోజున్నా ఆ డిగ్రీ ఆమెకు బరువవుతుంది.

ఇక మిగతా సగం, యాప్ చాలదా అన్నది. దీనికి లెక్క చెబితే సులువుగా అర్థమవుతుంది. జర్మన్‌లో బీ2 స్థాయికి రావాలంటే 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా పడతాయని ఆ భాష నేర్పే జర్మనీ సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. బీ2 అంటే ఆఫీసులో తడబడకుండా నెట్టుకురాగల స్థాయి అనుకోండి. ఏ1తో మొదలై సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది. బీఏ మొదట్లో వారానికి పదిహేను, ఇరవై భాషా క్లాసులు ఉంటాయి. అలా ఏడాదికి ఐదు వందల దాకా తేలతాయి. అంటే రెండో ఏడాది చివరికి బీ2కి కావాల్సిన క్లాసులన్నీ అయిపోతాయి, అదీ రోజూ టీచర్ ఎదుట నోరు తెరిచి మాట్లాడుతూ. యాప్ ఎవరినీ లేపి నిలబెట్టి ప్రశ్న అడగదు. బయట ప్రైవేటు సంస్థల్లో అయితే ఒక్కో మెట్టుకు ఫీజు వేలల్లో కట్టుకుంటూ పోవాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ ఖర్చుతో పోలిస్తే మొత్తం డిగ్రీయే చవక. నా దృష్టిలో ఈ బీఏలో అసలు లాభం ఇదే. సర్టిఫికెట్ మీద పేరు సంగతి తర్వాత, ఇన్ని వందల గంటలు టీచర్ ముందు కూర్చునే అవకాశం మన దేశంలో ఇంత తక్కువ డబ్బుకు ఇంకెక్కడా దొరకదు.

జపనీస్‌కు ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఒక సంస్థ నడుపుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఫ్రెంచ్, స్పానిష్ లాంటి భాషలు ఆరేడు వందల గంటల్లో పట్టుబడితే, జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్‌కు 2,200 గంటలు పడతాయని వాళ్ల అంచనా. అందుకే బీఏ జర్మన్ చేసినవాళ్లు మూడేళ్లలో ఉద్యోగానికి సరిపడా తయారైతే, బీఏ జపనీస్ చేసినవాళ్లలో చాలామంది ఎన్3 దగ్గర, బాగా కష్టపడినవాళ్లు ఎన్2 దగ్గర ఉంటారు. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్5 అన్నిటికంటే కింది మెట్టు, ఎన్1 పై మెట్టు. హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ జీతం ఉన్న ఉద్యోగానికి తలుపు తెరుచుకునేది ఎన్2 దగ్గరే. కాబట్టి జపనీస్ అంటే మూడేళ్ల పని అనుకోకండి. ఎంఏ చేసినా, ఉద్యోగం చేస్తూ చదువుకున్నా ఐదేళ్ల పని అనుకుని దిగండి.

అయితే ఆ 2,200 గంటల లెక్క ఇంగ్లిష్ వాళ్లది. మన తెలుగు పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. దాన్ని క్లాసులో చాలామంది వాడుకోరని నా ఫిర్యాదు. "రేపు వస్తానని చెప్పాడు" అన్న వాక్యం తీసుకోండి. జపనీస్‌లో "అషితా కురు తో ఇత్తా". అషితా అంటే రేపు, కురు అంటే వస్తాను, తో అంటే మన "అని", ఇత్తా అంటే చెప్పాడు. మాట పక్కన మాట పెట్టుకుంటూ పోతే వాక్యం అయిపోయింది. క్రియ చివర్లోనే ఉంది, విభక్తిలాంటి ముక్కలు మాట వెనకే అతుక్కుంటాయి, ఎవరు అన్నది తెలిసినప్పుడు కర్తను వదిలేయొచ్చు. కొరియన్‌దీ ఇదే పద్ధతి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు ఈ వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి తిప్పి, తలకిందులు చేసి, మళ్లీ జపనీస్‌లోకి తిప్పుతారు. ఇంత అవస్థ ఎందుకు?

జర్మన్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. "నాకు చలిగా ఉంది" అనడానికి వాళ్లు "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. మీర్ అంటే నాకు. ఇంగ్లిష్ దారిన వెళ్లిన పిల్లలు "ఇఖ్ బిన్ కాల్ట్" అని రాస్తారు. అది జర్మన్ వాళ్ల చెవికి "నేను మనసులేని మనిషిని" అన్నట్టు వినిపిస్తుంది. ప్రతి ఏడాదీ నా క్లాసులో ఇది జరుగుతుంది. "ఇంట్లో మీ అమ్మతో చలేస్తోందని ఎలా చెబుతావ్?" అని అడగ్గానే మొహం వెలుగుతుంది. స్పానిష్‌లో నచ్చడం గురించి చెప్పేటప్పుడూ అంతే, మనకు "నాకు" ఉన్నచోటే వాళ్లకూ ఉంటుంది. నోరు తిరగని చోట్లు మాత్రం మనకూ ఉన్నాయి. హల్లు మీద ఆగడం తెలుగు నాలుకకు అలవాటు లేదు, చివర్లో ఒక ఉకారం చేర్చేస్తాం. జపనీస్‌లో దానివల్ల పెద్ద నష్టం లేదు, వాళ్లూ బస్సును "బసు" అనేవాళ్లే. జర్మన్‌లో శరదృతువును "హెర్బ్‌స్ట్" అనాలి, "హెర్బుస్టు" అంటే టీచర్ ఊరుకోరు.

జపనీస్‌లో అసలు పరీక్ష కంజి, అంటే చైనీస్ నుంచి తెచ్చుకున్న అక్షరాలు. వాక్యం ఎంత మనలా ఉన్నా, రాత దగ్గరికి వచ్చేసరికి మనకు ఏ సాయమూ లేదు. జపాన్ ప్రభుత్వం నిత్య వాడకానికని ఇచ్చిన జాబితాలో 2,136 కంజి అక్షరాలున్నాయి. అక్కడి ప్రైమరీ పిల్లలే ఆరేళ్లలో 1,026 నేర్చుకుంటారు. ఒక్కో అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు, గీతలు వేసే వరస వేరే. మా హాస్టల్లో జపనీస్ చదివేవాళ్ల గదికి వెళ్తే, గడుల నోట్‌బుక్కులు మంచాల కింద కట్టలుగా ఉండేవి. ఇది తెలివితేటల పని కాదు, ఓపిక పని. రోజుకు పది చొప్పున నేర్చుకుని, నిన్నటి పదీ మర్చిపోకుండా ఉండాలి. వారం రోజులు ఎగ్గొడితే అప్పు పెరిగినట్టు పెరుగుతుంది. ఎంపీసీ పిల్లలకు పరీక్ష ముందు రాత్రి కూర్చుని లాగించే అలవాటుంటే, అది ఇక్కడ పనిచేయదు.

ఈ మాటకే ఇంకోటి చెప్పాలి. మన ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని 98, 99 తెచ్చుకున్న పిల్లలు, భాషంటే స్కోరింగ్ సబ్జెక్టు అనుకుని వస్తారు. గైడులో జవాబులు బట్టీ కొట్టి రాస్తే వచ్చిన మార్కులవి. తప్పు పిల్లలది కాదు, మన కాలేజీలు అలా నేర్పాయి. కానీ ఇక్కడ మొదటి సెమిస్టర్‌లోనే వినని ఆడియో వేసి ప్రశ్నలు అడుగుతారు. చదవని పేరా ఇస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి "నిన్న సాయంత్రం ఏం చేశావ్?" అని అదే భాషలో అడుగుతారు. బట్టీ పట్టిన పిల్ల అక్కడ నోరు విప్పలేదు. తప్పులతోనైనా గలగలా మాట్లాడేసే పిల్ల ముందుకెళ్లిపోతుంది. మొదటి ఇంటర్నల్స్‌లో నలభై శాతం వచ్చి ఏడ్చే టాపర్లను ఏటా చూస్తుంటాం. అప్పుడు ఇంటి నుంచి "మేం ముందే చెప్పాం కదా" అన్న ఫోన్ రాకుండా ఉంటే చాలు, చాలామంది రెండో సెమిస్టర్‌కి తేరుకుంటారు.

మీ అమ్మాయి తెలుగు మీడియం నుంచి వచ్చిందైతే ఇంకో అడ్డంకి ఉంది. మొదట్లో వ్యాకరణం వివరించేది ఇంగ్లిష్‌లోనే. క్లాసులో కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు ధాటిగా మాట్లాడుతుంటే మన పిల్లలు వెనక బెంచీ వెతుక్కుంటారు. ఆశ్చర్యం ఏంటంటే, ఆరు నెలలు గడిచి క్లాసు పూర్తిగా జపనీస్‌లోనో జర్మన్‌లోనో నడవడం మొదలయ్యాక ఈ తేడా కరిగిపోతుంది. ఆ భాష అందరికీ కొత్తే కదా. ఆ ఆరు నెలలు తట్టుకోవడమే.

ఉద్యోగాల సంగతికి వద్దాం. మొదట ఒక కఠినమైన మాట. కంపెనీలు మీ డిగ్రీ మెమో చూసి భాష వచ్చని నమ్మవు. బయటి పరీక్ష సర్టిఫికెట్ అడుగుతాయి. జర్మన్‌కు గోథే పరీక్షలు, ఫ్రెంచ్‌కు డెల్ఫ్, స్పానిష్‌కు డేలే, జపనీస్‌కు జేఎల్‌పీటీ, కొరియన్‌కు టోపిక్. డిగ్రీలో ఫస్ట్ క్లాస్ ఉండి ఈ కాగితం లేనివాళ్లు ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లరు. కాబట్టి ఈ పరీక్షల ఫీజు కూడా చదువు ఖర్చులో ముందే వేసుకోండి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో మెలిక ఉంది. టోపిక్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి మొదటి ఏడాదిలో రాసేసి దాచుకుంటే లాభం లేదు. గోథే బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడిగా రాసుకోవచ్చు, ఒక్కోదానిలో వందకు 60 రావాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాయొచ్చు. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు, అంతా సరైన జవాబు గుర్తించడమే. అందుకే ఎన్2 చేతిలో ఉండి ఇంటర్వ్యూలో నీళ్లు నమిలే అభ్యర్థులు కంపెనీలకు బాగా అలవాటు. వాళ్లు ఫోన్ చేసి ఐదు నిమిషాలు జపనీస్‌లో మాట్లాడించాకే మిగతా సంగతి చూస్తారు.

హైదరాబాద్‌లో పని ఎక్కువగా ఉండేది బహుళజాతి సంస్థల ఆఫీసుల్లో. అకౌంట్స్, కస్టమర్ సపోర్ట్, కంటెంట్ పరిశీలన, సాఫ్ట్‌వేర్‌ను ఆయా భాషల్లోకి తేవడం లాంటివి. కొరియన్, జపనీస్‌కు ఫ్యాక్టరీల దారి కూడా ఉంది. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, చుట్టూ దాని విడిభాగాల కంపెనీలు వచ్చాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి. ఆ దేశాల నుంచి వచ్చిన ఇంజినీరుకూ మన టెక్నీషియన్‌కూ మధ్య నిలబడి మాట అందించే ఇంటర్‌ప్రెటర్ కావాలి. ఆ పనిలో ఉన్న నా స్నేహితురాలి మాట ఒకటి చెబుతాను. చేరిన మొదటి వారం ఆమెకు కథలూ కవితలూ అన్నీ వచ్చు గానీ, వెల్డింగ్, టార్క్, బేరింగ్ అన్న మాటలు జపనీస్‌లో రావు. అవి బీఏ సిలబస్‌లో ఎందుకుంటాయి? సమస్య మాటలతోనే ఆగలేదు, టార్క్ అంటే ఏంటో కూడా తెలియదు. మీ అమ్మాయి ఎంపీసీ కదా, ఆ రెండేళ్ల ఫిజిక్స్ వృథా అవుతుందని బాధపడకండి. ఇలాంటి చోట బీఏ చేసిన వందమందిలో ఆమె వేరుగా కనిపిస్తుంది.

షిఫ్టుల గురించి అడిగారు, మంచి ప్రశ్న. ఇది భాషను బట్టి తేలిపోతుంది, భూగోళం చూసుకుంటే చాలు. జపాన్, కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర. పొద్దున్నే లేవాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికి రావచ్చు. జర్మనీ, ఫ్రాన్స్‌కు మన మధ్యాహ్నం పన్నెండున్నర, ఒకటిన్నర మధ్య మొదలై రాత్రి తొమ్మిది పదింటికి అయిపోతుంది. స్పానిష్ తీసుకుని మెక్సికో లాంటి దేశాల పని వస్తే మాత్రం రాత్రంతా మేలుకోవాల్సిందే. చాలా కంపెనీలు క్యాబ్ ఇస్తాయి. అయినా షిఫ్ట్ వేళలు ఆఫర్ లెటర్ దశలోనే అడిగి తెలుసుకోవాలి. చేరాక అడిగితే మారదు.

మిగతా భాషల గురించి క్లుప్తంగా. ఫ్రెంచ్‌కు స్కూళ్లలో టీచర్ ఉద్యోగాలు ఉన్నాయి. పైగా 2023 నుంచి కెనడా పీఆర్ (శాశ్వత నివాసం)కు ఫ్రెంచ్ వచ్చినవాళ్లను విడిగా పిలుస్తుండటంతో మన సాఫ్ట్‌వేర్ వాళ్లంతా దాని మీద పడ్డారు. నేర్పేవాళ్లకు గిరాకీ బాగుంది. అరబిక్‌ను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, హైదరాబాద్ పెద్ద ఆసుపత్రులకు అరబ్ దేశాల నుంచి వచ్చే రోగుల వెంట ఉండే ఇంటర్‌ప్రెటర్లను చూశాక ఆ మాట అనరు. రష్యన్‌కు ఫార్మా కంపెనీలు ఉన్నాయి. కొరియన్‌కు డ్రామాల పుణ్యమా అని పోటీ విపరీతం, సీట్లు తక్కువ. దాని హంగుల్ లిపిలో మూలాక్షరాలు 24, వారంలో వచ్చేస్తాయి, అది చూసి సులువనుకుంటారు. గౌరవాన్ని బట్టి క్రియ రూపాలు మారడం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. ఇంట్లో అమ్మమ్మతో ఒకలా, తమ్ముడితో ఒకలా మాట్లాడే మన పిల్లలకు అదీ త్వరగానే ఒంటబడుతుంది.

నన్నడిగితే, ఉద్యోగమే మొదటి లెక్క అయితే జర్మన్. మక్కువ మొదటి లెక్క అయితే జపనీస్. కొరియన్ మూడోది, అదీ ఆ అమ్మాయికి డ్రామాలు ఆపేసినా ఆ భాష మీద ఇష్టం మిగులుతుందని నమ్మకం ఉంటేనే.

అనువాదం చేసి బతకొచ్చు అని ఎవరైనా చెబితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నేను చదివే రోజుల్లో మాన్యువళ్లు, మెయిళ్లు అనువదించి సీనియర్లు పాకెట్ మనీ సంపాదించేవాళ్లు. ఆ పని ఇప్పుడు చాలావరకు మెషీనే చేసేస్తోంది. మనుషులకు మిగిలింది దాన్ని సరిదిద్దడం, దానికిచ్చే రేటు పాత రేటులో కొంతే. కోర్టు కాగితాలు, వైద్యం, ఒప్పందాలు, ముఖాముఖి సమావేశాలు, ఇలా తప్పు జరిగితే ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాల్సిన చోట ఇంకా మనిషి కావాలి. ఆ స్థాయికి వెళ్లడానికి బీఏ మాత్రం సరిపోదు.

అందుకే నా విద్యార్థులకు మొదటి ఏడాదే చెబుతాను, భాష పక్కన ఇంకోటి పట్టుకోండి అని. అకౌంట్స్ కావచ్చు, ఎక్సెల్, డేటా పని కావచ్చు, టీచింగ్ అనుకుంటే బీఎడ్ కావచ్చు. జర్మన్ ఒక్కటే వచ్చినవాడికీ, జర్మన్‌తో పాటు ఇన్‌వాయిస్ చూసి పన్ను లెక్క తప్పుందని చెప్పగలిగినవాడికీ జీతంలో తేడా నేను కళ్లారా చూశాను. టీచింగ్ మీదే ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక జ్ఞాపకం చేస్తాను. 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా ఉన్న జర్మన్‌ను విద్యా సంవత్సరం మధ్యలో తీసేసి సంస్కృతం పెట్టారు. ఒక్క నిర్ణయంతో ఎంతమంది టీచర్ల పని అటూ ఇటూ అయిందో ఊహించుకోండి. స్కూల్ ఉద్యోగం ప్రభుత్వ విధానాన్ని బట్టి ఊగుతుంది. కాలేజీలో, విశ్వవిద్యాలయంలో చెప్పాలంటే ఎంఏతో పాటు నెట్ లాంటి అర్హత పరీక్ష కూడా పాసై ఉండాలి. పర్మనెంట్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంత, మిగతావి గెస్ట్, కాంట్రాక్ట్.

ఇక బీటెక్ చేస్తూ భాష నేర్చుకోవడం ఎలా ఉంటుందంటారా, చాలామందికి అదే మేలైన దారి. ఇఫ్లూలోనే పార్ట్‌టైమ్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. జర్మన్‌కు గోథే జెంట్రుమ్, ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాన్సేజ్ హైదరాబాద్‌లో ఉన్నాయి. జర్మనీలో ఎంఎస్ ఇంగ్లిష్‌లోనే చదివి, తర్వాత ఉద్యోగం కోసం జర్మన్ రాక తంటాలు పడుతున్న మన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. బీటెక్ నాలుగేళ్లలో వారాంతాల్లో బీ1 పూర్తి చేసి వెళ్లి ఉంటే వాళ్ల కథ వేరేగా ఉండేది. కానీ ఒక షరతు. ఆ అమ్మాయికి ఇంజినీరింగ్ మీద కనీసం అయిష్టత లేకుండా ఉండాలి. లెక్కలంటేనే వణికే పిల్లను బీటెక్‌లో వేసి, శనివారం జపనీస్ నేర్చుకో అంటే రెండూ పోతాయి.

చదువు మధ్యలో విదేశానికి వెళ్లే అవకాశాల గురించి మీరు అడగలేదు గానీ, తెలుసుకోవడం మంచిది. బీఏలో జపనీస్ ప్రధానంగా చదివేవాళ్ల కోసమే జపాన్ ప్రభుత్వం ఏడాది పాటు అక్కడి విశ్వవిద్యాలయంలో ఉండే స్కాలర్‌షిప్ ఇస్తుంది. యాప్‌లో నేర్చుకున్నవాళ్లకు, బీటెక్ వాళ్లకు అది రాదు. జర్మన్ చదివేవాళ్లకు డాడ్ అనే జర్మనీ సంస్థ ఇచ్చే వేసవి కోర్సుల స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. ఫ్రెంచ్ చదివేవాళ్లు ఫ్రాన్స్ స్కూళ్లలో ఇంగ్లిష్ అసిస్టెంట్లుగా కొన్ని నెలలు పనిచేసి రావచ్చు. అలా వెళ్లొచ్చినవాళ్ల మాట తీరు ఎంత మారుతుందంటే, క్లాసులో మూడేళ్లు కూర్చున్నా అంత రాదు. ఇవి పోటీవి, అందరికీ రావు. కానీ రెండో ఏడాది నుంచే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూసే పిల్లలకే వస్తాయి.

"ఆరు నెలల్లో బీ2, ఏడో నెల జర్మనీ" అని బోర్డులు పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. పైన చెప్పిన 600 క్లాసుల లెక్కను ఆరు నెలలకు పంచి చూస్తే, వారానికి పాతిక దాకా క్లాసులు, అదీ ఇంటి దగ్గర చదువు కలపకుండా. వాళ్లు పెట్టేది రోజుకు గంట.

ఇప్పుడు చేయాల్సినవి. ఇఫ్లూ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. జేఎన్‌యూలో జపనీస్, కొరియన్, జర్మన్ అన్నీ బీఏ ఆనర్స్‌లో ఉన్నాయి, ఢిల్లీ యూనివర్సిటీలో జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ ఉన్నాయి. ఖమ్మం నుంచి తార్నాక దగ్గర కాబట్టి ఇఫ్లూ మీకు సౌకర్యం, అంతే. 1958లో ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయిన చోటు అది. లైబ్రరీ చాలా మంచిది, సాయంత్రం పూట క్యాంపస్‌లో ఐదారు భాషలు వినిపిస్తుంటాయి. హాస్టల్ సీటు అందరికీ వెంటనే దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు, బయట ఉండాల్సి వస్తే దాని ఖర్చు వేసుకోండి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలు ఎక్కువగా సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారానే. ఏ కోర్సుకు ఏ పేపర్లు రాయాలన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది, కాబట్టి నోటిఫికేషన్ రాగానే బులెటిన్ తెరిచి ఆ పేజీ మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మి తప్పు పేపరు ఎంచుకుంటే ఆ ఏడాది పోయినట్టే. దరఖాస్తులు ఇంటర్ పరీక్షల హడావుడిలోనే వచ్చి వెళ్లిపోతుంటాయి. మన దగ్గర చాలామంది ఎప్‌సెట్ ధ్యాసలో పడి గడువు దాటాక నాలాంటి వాళ్లకు ఫోన్ చేస్తారు.

ఎప్‌సెట్ కోచింగ్ మాన్పించొద్దు. దాంతో పాటు ఈ సంక్రాంతి సెలవుల నుంచి రోజూ ముప్పావు గంట జపనీస్ మొదలుపెట్టించండి. జపాన్ ఫౌండేషన్ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పాఠాలున్నాయి, కొరియన్ కావాలంటే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లవి ఉన్నాయి. హిరగానా, కతకానా అనే జపనీస్ మూల లిపులు రెండూ వచ్చి, వంద కంజి చేత్తో రాయగలిగే దాకా వెళ్తే ఆ అమ్మాయికి ఈ డిగ్రీ నప్పుతుందని మీకే తెలిసిపోతుంది. ఇరవై రోజులకే నోట్‌బుక్ పక్కన పెట్టేస్తే కూడా మంచిదే, పైసా ఖర్చు కాకుండా తేలిపోయింది. అప్పటికి ఎప్‌సెట్ ఎటూ చేతిలో ఉంటుంది. సీయూఈటీలో ఇంగ్లిష్ పేపరు ఉంటుంది కాబట్టి రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదివి, అందులో ఏముందో రాత్రి భోజనం దగ్గర మీకు తెలుగులో చెప్పమనండి. ఏ సందేహం ఉన్నా కింద రాయండి, సెమిస్టర్ పరీక్షల పేపర్లు దిద్దడం అయ్యాక జవాబిస్తాను.